బ్రౌజర్‌లో అద్దె కాపురం

“బాబూ, తూకం పడట్లేదు. బండ్లన్నీ ఆగిపోయాయి.”

2015 ఏప్రిల్ నెల. పొద్దున్న ఆరు దాటి పది నిమిషాలు. ఫోన్ చేసింది గాజువాక వైపు ఒక స్టాక్‌యార్డులో కాటా చూసే పెద్దాయన. నేను ఆయన్ని బాబాయ్ అంటాను. కేబుల్ ఊడిందేమో చూడమన్నాను. చూశానన్నారు. ఇండికేటర్ మీద అంకె కనిపిస్తోందా అన్నాను. “ఎర్రగా 9340 అని కనిపిస్తోంది బాబూ. కంప్యూటర్లోకే రావట్లేదు” అన్నారు.

మా ఆఫీసు రుషికొండ ఐటీ కొండల మీద. అక్కణ్నుంచి హనుమంతవాక, మద్దిలపాలెం, ఎన్‌ఏడీ జంక్షన్ దాటుకుని గాజువాక చేరేసరికి ఎనిమిదిన్నర అయింది. గేటు బయట లారీలు రోడ్డు మీదకి వచ్చేశాయి. డ్రైవర్లు దిగి నీడ వెతుక్కుంటున్నారు. కాటా గదిలోకి వెళ్లి స్క్రీన్ చూశాను. తూకం కనిపించాల్సిన చోట బూడిదరంగు డబ్బా, దాని మధ్యలో విరిగిన బొమ్మ ఒకటి. ఈ ప్లగిన్ ఇక్కడ నడవదని ఒక వాక్యం.

కంప్యూటర్‌ను ఎవరూ ముట్టుకోలేదు. మా కోడ్‌లో ఎవరూ ఒక్క అక్షరం మార్చలేదు. రాత్రికి రాత్రి క్రోమ్ తనంతట తాను 42వ వెర్షన్‌కు మారింది. ఆ వెర్షన్ నుంచి పాత తరహా ప్లగిన్లను అది మామూలుగా నడపడం మానేసింది. మా తూకం ప్రోగ్రాం జావా ఆప్లెట్. జావా ప్లగిన్ లేకపోతే అది లేదు.

అప్పటికి ఈ పనిలో నాకు ఎనిమిదేళ్ల అనుభవం. మనం రాసిన ప్రోగ్రాం మనది కాని ఇంట్లో కాపురం ఉంటోందన్న సంగతి ఆ పొద్దున్నే నాకు పూర్తిగా తెలిసొచ్చింది.

కాటా సంగతి కొంచెం చెప్పాలి. లారీ ఎక్కే ఇనుప పలక కింద లోడ్‌సెల్స్ ఉంటాయి. అవి ఇచ్చే సంకేతాన్ని ఇండికేటర్ అంకెగా చూపిస్తుంది. ఆ ఇండికేటర్ వెనక నుంచి ఆర్‌ఎస్-232 కేబుల్ ఒకటి కంప్యూటర్ సీరియల్ పోర్టుకు వస్తుంది. అందులోంచి అంకెలు వరసగా ప్రవహిస్తుంటాయి. ఖాళీ బండి ఎక్కితే టేరు, సరుకుతో ఎక్కితే గ్రాస్, తీసేస్తే నెట్. టేరు 9340, గ్రాస్ 24860 అయితే నెట్ 15520 కిలోలు. లెక్క ఇంతే. కానీ ఆ 15520 మీదే సరుకు డబ్బు, లారీ కిరాయి, పన్ను అన్నీ ఆధారపడతాయి. బొగ్గు గానీ ఎరువు గానీ ఓడరేవు దగ్గర చేతులు మారేది ఆ చీటీ మీదే.

2009లో ఈ తూకం ప్రోగ్రాం కొత్తగా రాసినప్పుడు బ్రౌజర్‌ను ఎంచుకున్నది మేమే. ఆ ఎంపికకు బలమైన కారణాలున్నాయి. అంతకుముందు ప్రతి కాటా గదిలోనూ ఒక్కో ప్రోగ్రాం విడిగా ఎక్కించేవాళ్లం. చిన్న సవరణ వస్తే సీడీ పట్టుకుని మోటార్ సైకిల్ మీద తిరగడమే. ఒక చోట మూడో వెర్షన్, మరో చోట ఐదోది. బ్రౌజర్ అయితే ఆ బాధ లేదు. కొండ మీద మా సర్వర్‌లో ఒకసారి మారిస్తే అన్ని కాటాల్లోనూ మారినట్టే. ఈ మేలు ఈరోజుకీ మేలే. బ్రౌజర్ వల్ల కలిగే ఇబ్బందులు చెప్పేటప్పుడు దీన్ని దాచిపెట్టడం న్యాయం కాదు.

అయితే అప్పట్లో బ్రౌజర్ సీరియల్ పోర్టును ముట్టుకునేది కాదు. వెబ్ పేజీ అంటే ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు పంపిన కాగితం. దాన్ని ఇంట్లోకి రానిచ్చినా బీరువా తాళం చేతికివ్వరు కదా. ఫైళ్లు, పోర్టులు, పరికరాలు అన్నిటికీ బ్రౌజర్ గోడ కడుతుంది. ఆ గోడకు కిటికీలా అప్పట్లో జావా ఆప్లెట్ ఉండేది. డిజిటల్ సంతకంతో ఆప్లెట్ పంపి, వాడేవాళ్లు సరేనంటే అది పోర్టును చదివేది. టెండర్లు వేసే కాంట్రాక్టర్లు యూఎస్‌బీ టోకెన్‌తో సంతకం చేసింది కూడా చాలాచోట్ల ఇదే కిటికీలోంచి. అందుకోసమే పాత జావా, పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఉన్న కంప్యూటర్ ఒకదాన్ని అప్‌డేట్ కానివ్వకుండా జాగ్రత్తగా దాచుకున్నవాళ్లను ఈ ఊళ్లో నేనెరుగుదును.

ఆ కిటికీలోంచి దొంగలు కూడా రావడం మొదలుపెట్టారు. 2013 జనవరిలో అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ బ్రౌజర్లలో జావాను ఆపేయమని జనానికి సలహా ఇచ్చే దాకా వెళ్లింది. కాబట్టి క్రోమ్ చేసింది తప్పని నేననను. కోట్లమందిని కాపాడటానికి కిటికీ మూసింది. ఆ కిటికీలోంచే మాకు గాలి వస్తోందని దానికేం తెలుసు?

ఆ రోజు క్రోమ్ సెట్టింగుల అడుగున ఒక మీట వెతికి పట్టుకుని, పాత ప్లగిన్లను మళ్లీ తెరిపించి లారీలను కదిలించాను. ఆ మీట కూడా సెప్టెంబరులో వచ్చిన 45వ వెర్షన్‌తో పోయింది. ఫైర్‌ఫాక్స్‌కు మారాం. 2017 మార్చిలో అదీ తలుపేసింది. 2018 సెప్టెంబరులో వచ్చిన జావా 11లో బ్రౌజర్ ప్లగిన్ అన్న మాటే లేదు. ఫ్లాష్ 2020 డిసెంబరు 31తో ముగిసింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ సాగనంపింది. ఇల్లు ఖాళీ చెయ్యమన్న నోటీసు ముందే ఇచ్చారు, నిజమే. కానీ ఆ నోటీసు వచ్చేది మా బోటి వాళ్లకు, అదీ చదివితే. కాటా గదిలో కూర్చున్న బాబాయ్‌కి ఎవరిస్తారు?

బాబాయ్ ఫోన్ చేసిన ఆ పొద్దుకు ఆరు నెలల ముందే హుద్‌హుద్ తుఫాను మాకు ఇంకో పాఠం చెప్పింది. దాన్ని అప్పట్లో సరిగ్గా చదవలేదు. 2014 అక్టోబర్ 12, ఆదివారం. గంటకు 180 కిలోమీటర్లకు పైబడిన గాలి. కొండ మీద అద్దాలు పగిలాయి, చెట్లు పడ్డాయి, కరెంటు, ఫోన్లు అన్నీ పోయాయి. నాలుగైదు రోజుల తర్వాత ఆ యార్డుకు జనరేటర్ తెచ్చారు. కాటాకు కరెంటు వచ్చింది, ఇండికేటర్ వెలిగింది, కంప్యూటర్ లేచింది. లారీలూ వచ్చాయి. ప్రోగ్రాం మాత్రం లేదు. ఎందుకంటే అది ఆ కంప్యూటర్లో ఎప్పుడూ లేదు. అడిగిన ప్రతిసారీ రుషికొండ నుంచి దిగి, పేజీ మూయగానే పోయే సరుకది. కొండ మీద మా సర్వర్ గదిలో చీకటి. నెట్‌వర్క్ అసలే లేదు. అంతా బాగున్న కంప్యూటర్ ముందు కూర్చుని బాబాయ్ కార్బన్ పేపర్ పెట్టి చేత్తో చీటీలు రాశారు. పదేళ్ల కిందటి సీడీ ప్రోగ్రాం అయినా ఆ రోజు నడిచేది.

ఇంటర్నెట్ లేకపోయినా నడిచేలా పేజీని దాచిపెట్టే ఏర్పాటు అప్పటికే బ్రౌజర్లలో ఒకటుండేది, యాప్‌క్యాష్ అని. తర్వాత దాన్ని కూడా తీసేశారు. దాని బదులు సర్వీస్ వర్కర్ వచ్చింది, ఇది చాలా మెరుగు. కానీ ఇక్కడా బ్రౌజర్ దాచిన సరుకు బ్రౌజర్ దయ మీదే ఉంటుంది. డిస్కు నిండితే అది చెరిపేయొచ్చు. ఎవరైనా హిస్టరీ శుభ్రం చేస్తూ దాన్నీ ఊడ్చేయొచ్చు. ఇంకా సర్వర్‌కు చేరని ముప్పై లారీల తూకాలు అలాంటి చోట పెట్టి నేను నిద్రపోలేను.

ఇక భాష సంగతి. ఆప్లెట్ పోయాక మాకు మిగిలింది జావాస్క్రిప్ట్ ఒక్కటే. బ్రౌజర్లన్నీ ఒప్పుకున్న భాష అది. 1995 మే నెలలో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో దాని మొదటి రూపం తయారుచేశాడు. పది రోజుల్లో అంత చెయ్యడం సామాన్యం కాదు. కానీ ఆ తొందరలో దొర్లినవి ముప్పై ఏళ్లుగా అలాగే ఉన్నాయి. సర్వర్‌లో నేను వాడే భాషలో పొరపాటు ఉంటే కొత్త వెర్షన్‌కు నాకు వీలైన రోజున మారతాను. బ్రౌజర్‌లో అలా కుదరదు. ఒక్క సవరణ చేసినా ఎప్పుడో 1998లో రాసిన పేజీ ఎక్కడో ఆగిపోతుంది. అందుకని కొత్తవి కలుపుతారు, పాతవి ముట్టుకోరు.

మా పనిలో దాని దెబ్బలు ఎక్కడెక్కడ తగిలాయో చెప్తాను. పేజీలో గడిలోంచి తీసిన అంకె నిజానికి అంకె కాదు, అక్షరాల వరస. రెండు నెట్ తూకాలు 15520, 14980 కూడమంటే ఒక రోజు మొత్తం 1552014980 కిలోలని చూపించింది. కూడలేదు, పక్కపక్కన అతికించింది. అదే తీసివేత అయితే సరిగ్గానే చేస్తుంది. ఇది నయం, చూడగానే తెలిసిపోతుంది. తెలియకుండా కొట్టే దెబ్బలు వేరే ఉన్నాయి. జావాస్క్రిప్ట్‌లో మామూలు అంకెలు 9007199254740991 దాకానే కచ్చితం. పదహారు అంకెలు. ఆ పైన 9007199254740993 అని ఇస్తే 9007199254740992 అని పెట్టుకుంటుంది, చప్పుడు చెయ్యదు. మన దేశంలో బ్యాంకు ఖాతా నంబర్లు పద్దెనిమిది అంకెల దాకా ఉంటాయి. ఒక లారీ యజమాని ఖాతాకు కిరాయి పడలేదని ఫిర్యాదు వస్తే, ఆయన ఇచ్చిన కాగితం, మా స్క్రీన్ పక్కపక్కన పెట్టి చూశాం. చివరి అంకె తేడా. ఎవరో తప్పు కొట్టారనుకున్నాం. కొట్టిన కుర్రాడు సరిగ్గానే కొట్టాడు. ఆ కుర్రాణ్ని అనుమానించినందుకు నాకు ఇప్పటికీ బాధే. ఆ తర్వాత ఖాతా నంబర్‌ను ఎక్కడా అంకెగా చూడొద్దని, అక్షరాలుగానే ఉంచాలని నియమం పెట్టుకున్నాం.

అన్నిటికన్నా లోతుగా తగిలింది తేదీ.

యార్డులో మూడు షిఫ్టులు. సి షిఫ్టు రాత్రి పదికి ఎక్కి పొద్దున్న ఆరుకు దిగుతుంది. ఎండాకాలంలో లోడింగ్ ఎక్కువగా ఆ షిఫ్టులోనే. ఒక ఏప్రిల్‌లో అకౌంటెంట్ గారు నన్ను పిలిచి రెండు కాగితాలు ముందు పెట్టారు. “ఇవి ఒకటో తారీఖు తెల్లవారుజామున తూగిన బండ్లండీ. డ్రైవర్ల సంతకాలున్నాయి. మీ రిపోర్టులో మార్చి 31 అని ఉంది. ఆర్థిక సంవత్సరమే మారిపోయింది” అన్నారు.

ఒక రోజంతా వెతికాను. జావాస్క్రిప్ట్‌లో తేదీని రాతగా మార్చడానికి అందరూ వాడే పద్ధతి ఒకటుంది. అది మన గడియారాన్ని గ్రీనిచ్ కాలానికి మార్చి ఇస్తుంది. అందులో మొదటి పది అక్షరాలు తీసుకుంటే తేదీ చక్కగా వస్తుంది. మన గడియారం గ్రీనిచ్‌కు ఐదున్నర గంటలు ముందుంటుంది కాబట్టి, అర్ధరాత్రి పన్నెండు నుంచి పొద్దున్న ఐదున్నర దాకా మనకు ఒకటో తారీఖైతే అక్కడ ఇంకా ముప్పై ఒకటే. అంటే ప్రతి రాత్రీ ఐదున్నర గంటల పాటు మా రిపోర్టులో తేదీ తప్పు. పగలు పదకొండింటికి ఆఫీసులో కూర్చుని పరీక్షించిన మాకెవరికీ అది కనిపించలేదు. హుద్‌హుద్ వచ్చిన రోజును అర్ధరాత్రి వేళతో ఆ పద్ధతికి ఇచ్చి చూడండి, అక్టోబర్ 11 అని చెప్తుంది. ఇవ్వడానికి ముందు అక్టోబర్‌ను పదో నెలగా కాదు, తొమ్మిదో నెలగా చెప్పాలి. ఆ భాషలో నెలల లెక్క సున్నా నుంచి మొదలు. 1995లో జావా తేదీల పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకున్నందువల్ల వచ్చిన చిక్కు అది.

ఇలాంటి తప్పు సర్వర్‌లోనూ చెయ్యొచ్చు కదా అని తోటి ప్రోగ్రామర్లు అనొచ్చు. చెయ్యొచ్చు. కానీ సర్వర్ గడియారం నా చేతిలో ఉంటుంది, నేను సరిచేసుకోగలను. బ్రౌజర్ చూసేది ఆ కంప్యూటర్ గడియారాన్ని. కాటా గదిలో బొగ్గు పొడి మధ్య పదేళ్లు పడున్న కంప్యూటర్‌లో మదర్‌బోర్డు బ్యాటరీ చచ్చిపోయి, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఎప్పటిదో తేదీ చూపించడం నేను కళ్లారా చూశాను. ఆ గడియారాన్ని నమ్మి చీటీ మీద తేదీ వెయ్యడం మేం చేసిన తప్పు.

నమ్మకం మాట వచ్చింది కాబట్టి 2018 నాటి సంగతి చెప్పాలి. దగ్గర్లోని ఇంజినీరింగ్ కాలేజీ నుంచి ఇంటర్న్‌షిప్‌కు వచ్చిన ఒక అమ్మాయి రెండో వారంలో నా సీటు దగ్గరకు వచ్చింది. “సార్, ఒకసారి ఇది చూస్తారా?” అంది. మా తూకం పేజీ తెరిచి ఎఫ్12 నొక్కింది. పక్కన పేజీ లోపలి సరంజామా అంతా తెరుచుకుంది. టేరు 9340 ఉన్న చోట 8340 అని దిద్దింది. నెట్ 15520 కాస్తా 16520 అయింది. సేవ్ నొక్కింది. మా సర్వర్ మారుమాట లేకుండా దాన్ని దాచుకుంది. ఒక టన్ను సరుకు అరనిమిషంలో పుట్టింది.

నెట్ లెక్క బ్రౌజర్‌లో చేయించి, వచ్చిన జవాబును సర్వర్‌లో అలాగే రాసుకుంటున్నాం. పేజీ చురుగ్గా ఉంటుందని అలా చేశాం. బ్రౌజర్‌లోకి వెళ్లిన కోడ్ ఏదైనా చదవొచ్చు, ఆపొచ్చు, మార్చొచ్చు. కుదించి, పేర్లు మార్చి, గజిబిజి చేసి పంపినా ఓపికున్నవాళ్లకు అది అడ్డు కాదు. అందులో రహస్యం దాచలేం, పాస్‌వర్డ్ పెట్టలేం, తీర్పు చెప్పే పని అప్పగించలేం. ఆ వారమే నెట్ లెక్క సర్వర్‌కు మార్చాం. పాత రికార్డులన్నిటినీ ఇండికేటర్ దగ్గర విడిగా దాచిన లాగ్‌తో ఒక్కొక్కటిగా సరిచూశాం. తేడా దొరకలేదు. యార్డు మనుషులు నిజాయితీగా ఉండబట్టి సరిపోయింది. మా ప్రోగ్రాం కాపాడింది కాదు.

ఆ మరుసటి ఏడు డ్రైవర్ల కోసం ఒక పేజీ చేశాం. వరసలో తమ బండి ఎన్నోదో ఫోన్‌లో చూసుకోవచ్చు. ఆఫీసులో నా ల్యాప్‌టాప్ మీద సెకనులో తెరుచుకునేది. యార్డు గేటు దగ్గర ఒక ఒడిశా డ్రైవర్ ఫోన్‌లో తెరిపించి చూశాను. తెల్ల తెర. అలాగే చూస్తూ నిలబడ్డాం. ఇంచుమించు నిమిషం పట్టింది. అతను మర్యాదకు ఏమీ అనలేదు. లారీ మీంచి పక్కవాడు “నీది ఆరో నంబరు” అని కేకేశాడు, అతనికి కావలసింది తెలిసిపోయింది.

తర్వాత కూర్చుని చూస్తే ఆ పేజీ వెనక దాదాపు మూడు మెగాబైట్ల జావాస్క్రిప్ట్ ఉంది. మేం రాసింది అందులో పదో వంతు కూడా లేదు. మిగతాదంతా ఒకదాని కోసం ఇంకొకటి లాక్కొచ్చిన లైబ్రరీలు. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే పదకొండు వరసల కోడ్‌ను దాని యజమాని వెనక్కి తీసుకుంటే ప్రపంచమంతటా ఎన్నో ప్రాజెక్టులు ఆ రోజు తయారు కాకుండా నిలిచిపోయాయి. అప్పుడే మేల్కోవాల్సింది. బొమ్మ మూడు మెగాబైట్లు ఉండటం వేరు, కోడ్ మూడు మెగాబైట్లు ఉండటం వేరు. బొమ్మ దిగితే పని చాలావరకు అయిపోయినట్టే. కోడ్‌ను దించాక విప్పాలి, చదవాలి, యంత్ర భాషలోకి మార్చాలి, నడపాలి. ఆ చాకిరీ అంతా చేసేది డ్రైవర్ కొనుక్కున్న చవక ఫోన్, ఖర్చయ్యేది అతని బ్యాటరీ, అతని డేటా. అది నడుస్తున్నంతసేపూ తెర బిగుసుకుపోతుంది, ఎందుకంటే పేజీని గీయడమూ కోడ్‌ను నడపడమూ ఒకే దారిలో జరగాలి. సర్వర్ ఖర్చు మిగుల్చుకోవడానికి పనిని బ్రౌజర్‌కు నెట్టామంటే, ఆ ఖర్చు పేదవాడి ఫోన్ మీద వేసినట్టు. దీన్ని నేను సాంకేతిక లోపం అనను, అన్యాయం అంటాను.

ఆ పేజీని పూర్తిగా మార్చాం. వరస సంఖ్యను సర్వరే రాసి పంపుతుంది. జావాస్క్రిప్ట్ ఒక్క వరస కూడా లేదు. దానికి తోడు ఎస్‌ఎంఎస్.

తెలుగు విషయం చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. చీటీ మీద డ్రైవర్ పేరు తెలుగులో అచ్చయ్యేలా చేశాం. పేరుకు ఇన్ని అక్షరాలని హద్దు పెట్టాం. జావాస్క్రిప్ట్‌ను అడిగితే ‘స్త్రీ’ అన్న మాట పొడవు ఆరు అంటుంది. మనకు అది ఒకటే అక్షరం. ‘రుషికొండ’ మనకు నాలుగు, దానికి ఎనిమిది. అది లెక్కపెట్టేది యూనికోడ్ ముక్కల్ని. గుణింతం గుర్తు ఒక ముక్క, పొల్లు ఒక ముక్క, సున్నా ఒక ముక్క. హద్దు దాటగానే అది ఎక్కడ పడితే అక్కడ కోస్తుంది. పేరు చివర ‘కృష్ణ’ ఉన్నాయన చీటీ మీద ‘కృష్’ అని పొల్లుతో తేలాడు. ఆయన చీటీ పట్టుకొచ్చి, “నా పేరు ఇరిగిపోయింది సార్” అన్నాడు. అక్షరాన్ని అక్షరంగా గుర్తుపట్టే సదుపాయం జావాస్క్రిప్ట్‌లోకి వచ్చింది గానీ క్రోమ్‌లో 2020లో వస్తే ఫైర్‌ఫాక్స్‌లో 2024 ఏప్రిల్ దాకా రాలేదు. ఒత్తుతో కలిసిన అక్షరాన్ని విడగొట్టకూడదన్న నియమాన్ని యూనికోడ్ తెలుగుకు చేర్చింది 2023లో. అంటే మన భాషకు ఒక సౌకర్యం పుట్టినా, అది నాలుగు కంపెనీల బ్రౌజర్లలోకి చేరి, ఆ బ్రౌజర్లు కాటా గదిలోని కంప్యూటర్‌కు చేరేదాకా ఆగాలి. అన్నిట్లోకి వెనకబడినదాన్ని చూసుకునే మనం కోడ్ రాయాలి.

ఇప్పుడు మా కొండ మీద కొత్త పిల్లలు చాలామంది. ఇన్ఫోసిస్ 2023లో ఇక్కడ ఆఫీసు తెరిచింది, టీసీఎస్‌కు 2025లో మూడో కొండ మీద 21.16 ఎకరాలిచ్చారు. ఇంకా వస్తారు. మా జట్టులో చేరిన కుర్రాడొకడు కిందటేడు అడిగాడు: “సార్, జావాస్క్రిప్ట్‌తో ఇన్ని తిప్పలెందుకు? ఇప్పుడు పైథాన్‌నే బ్రౌజర్‌లో నడపొచ్చు కదా.”

నిజమే, నడపొచ్చు. 2017 నాటికి పెద్ద బ్రౌజర్లన్నిటిలోకీ వెబ్‌అసెంబ్లీ వచ్చింది, 2019 డిసెంబరులో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ దాన్ని ప్రమాణంగా ఒప్పుకుంది. సీ, రస్ట్ లాంటి భాషల్లో రాసింది బ్రౌజర్‌లో వేగంగా నడుస్తుంది. మొజిల్లాలో 2018లో మొదలైన పయోడైడ్ పైథాన్ యంత్రాంగాన్ని మొత్తం అలా మార్చి బ్రౌజర్‌లోకి తెచ్చింది. 2022లో పైస్క్రిప్ట్ వచ్చింది. స్కూల్లో పైథాన్ నేర్చుకునే పిల్లలకు ఏదీ ఎక్కించుకోకుండా ప్రోగ్రాం రాసి చూసుకునే వీలు దీనివల్ల దొరికింది. అలాంటి చోట నేను దాన్ని మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను.

కానీ ఆ కుర్రాణ్ని కూర్చోబెట్టి మా కాటా లెక్కన చూపించాను. పైథాన్ ప్రోగ్రాం నడవాలంటే ముందు పైథానే దిగాలి. అదే కొన్ని మెగాబైట్లు. నంపై, పాండాస్ లాంటి లైబ్రరీలు కావాలంటే ఇంకా. పేజీలో ఒక గడిని మార్చాలన్నా వెబ్‌అసెంబ్లీ నేరుగా ముట్టుకోలేదు, మళ్లీ జావాస్క్రిప్ట్ చేతులమీదుగానే చెయ్యాలి. తప్పు ఎక్కడుందో వెతకాలంటే రెండు భాషల మధ్య తిరగాలి. సీరియల్ పోర్టు గోడ అలాగే ఉంది. ఎఫ్12 అలాగే ఉంది. గడియారం ఆ కంప్యూటర్‌దే. ఖాతా నంబర్ మాత్రం పైథాన్‌లో చెడిపోదు, అది ఒప్పుకున్నాను. భాష మార్చినా ఇల్లు మారదు, ఇంటివారి షరతులూ మారవు.

సీరియల్ పోర్టుకు 2021లో క్రోమ్, ఎడ్జ్ ఒక కొత్త దారి ఇచ్చాయి, వెబ్ సీరియల్ అని. పరీక్షించాను, బాగుంది. అయినా కాటాకు వాడలేదు. సఫారీలో అది లేదు. ఒక బ్రౌజర్ ఇచ్చిన కిటికీని నమ్ముకుని ఒకసారి బతికాం, అది మూసుకున్న రోజు బాబాయ్ గేటు దగ్గర నలభై మంది డ్రైవర్లకు జవాబు చెప్పాల్సి వచ్చింది.

ఇప్పుడు మా ఏర్పాటు ఇది. కాటా కంప్యూటర్‌లోనే ఒక చిన్న ప్రోగ్రాం ఉంటుంది. తూకం చదివేది, చీటీ అచ్చువేసేది అదే. ఇంటర్నెట్ ఉంటే అప్పటికప్పుడు, లేకపోతే వచ్చాక సర్వర్‌కు పంపుతుంది, తన గడియారాన్ని సర్వర్‌తో పోల్చుకుంటుంది. లెక్కలూ అనుమతులూ సర్వర్‌వి. బ్రౌజర్ చూపిస్తుంది, మనిషి నొక్కింది పంపుతుంది, అంతే. మళ్లీ ప్రతి కంప్యూటర్‌లోనూ ఎక్కించే బాధ కొంత నెత్తికెత్తుకున్నాం. తెలిసే ఎత్తుకున్నాం.

ఈ రంగంలోకి వస్తున్న పిల్లల్ని ఒకటి అడుగుతాను. మీరు రాసిన పేజీని ఆఫీసులో కాకుండా, అది నడిచే చోటికి వెళ్లి, అక్కడి కంప్యూటర్ మీద, అక్కడి మనిషి ఫోన్ మీద, వీలైతే ఒక రాత్రి రెండింటికి, నెట్ కేబుల్ పీకి ఒకసారి చూడండి.

బాబాయ్ రిటైరయ్యారు. ఆయన సీట్లో ఇప్పుడు వాళ్లబ్బాయి కూర్చుంటున్నాడు. క్రోమ్ ఎప్పటికప్పుడు కొత్త వెర్షన్‌కు మారుతూనే ఉంది. 2020 నుంచి ఆ కాటా నుంచి పొద్దున్న ఆరింటికి నాకు ఫోన్ రాలేదు.